మా అమ్మాయి పేర వక్తృత్వ పోటీ

తిరిగే వస్తువు మీద పేరు రాయిస్తే దాన్ని ఎవరూ చదవలేరన్న సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు సీలింగు ఫ్యాన్లూ, ఒక నిండు వేసవీ పట్టాయి. చదువు లేనివాడెవరైనా ఈ పని చేసి ఉంటే పోనీలే పాపం అనుకోవచ్చు. నేను చిలకలూరిపేట అవతల ఒక పల్లెటూరి మిషన్ హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. అట్టచక్రం మీద ఏడు రంగులూ వేసి, గిర్రున తిప్పి, "చూశార్రా, ఒక్క రంగైనా కనపడుతోందా? అంతా తెలుపే!" అని ఏటా తొమ్మిదో తరగతికి చూపించి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. ఆ చక్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేటప్పుడు నా బుద్ధిని కూడా అందులోనే పెట్టి వేసేవాణ్ణి కాబోలు.

ఎనభైల నడిమి సంగతి ఇది. ఫ్యాన్లు మా అమ్మాయి జ్ఞాపకార్థం ఇచ్చినవి. గుంటూరులో క్రైస్తవ కాలేజీలో బి.ఏ. చదువుతూ, అక్కడే హాస్టల్లో ఉండేది. రెండో సంవత్సరంలో కామెర్లు వచ్చాయి. పసరు మందు, బ్రాడీపేట డాక్టరు, ఉపవాస ప్రార్థనలు వరసగా అన్నీ చేయించాం. అన్నీ వరసగా ఓడిపోయాయి. ఇంతకు మించి ఆ సంగతి రాయను. తను ఉంటే రాయనిచ్చేదీ కాదు. "నాన్నా, ఏడుపు రాయడం నీకు చేతకాదు. నీ అక్షరాలే పళ్ళికిలిస్తుంటాయి" అనేది నా ఉత్తరాలు చూసి. ఆమె పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. ఒకసారి రాయించి పడ్డ అవస్థ చాలు.

మా ఇంట్లో మాటల వ్యాపారం చూస్తే, ఆమెది హోల్‌సేలు, మా ఇద్దరిదీ చిల్లర. బస్సెక్కితే దిగేలోపు కండక్టరు పిల్లలెందరో, ఏం చదువుతున్నారో తెలుసుకునేది. మిరప కల్లంలో కూలి ఆడవాళ్ళ పక్కన కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ, ఒక కాయ ఏరేలోపు మూడు కబుర్లు ఏరేది. "మిరపకాయ నోట్లో పెట్టుకునే పుట్టిందే ఇది" అనేది వాళ్ళమ్మ. ఆ నోరు ఆగిపోయాక మా ఇంట్లో బిందె మీద మూత పెట్టిన చప్పుడు కూడా వినపడటం మొదలైంది.

మా క్రైస్తవుల్లో ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే వాళ్ళ జ్ఞాపకార్థం గుడికో, బడికో ఏదో ఒకటి ఇస్తాం. బల్ల కావచ్చు, గోడ గడియారం కావచ్చు, మైకుసెట్టు కావచ్చు. ఇచ్చినదాని మీద పోయినవాళ్ళ పేరూ, ఇచ్చినవాళ్ళ పేరూ ఉండి తీరాలి. మా ఊరి గుడిలో ఆదివారం ప్రసంగం సాగదీసినప్పుడు ముందు బల్లల వీపులు చదువుకుంటూ పోతే చాలు, మూడు తరాల ఊరి చరిత్ర కంఠస్థం అవుతుంది. నేను అలాగే నేర్చుకున్నాను.

ఆ ఏడు మా చేలో మిరపకాయకు మంచి ధర పలికింది. అమ్మాయి చదువుకున్న కాలేజీలో ఆడపిల్లలు కూర్చుని చదువుకునే గదికి ఫ్యాన్లు లేవని తెలిసింది. గుంటూరు ఎండలో ఫ్యాను లేని గదిలో చదువుకునేవాళ్ళకు డిగ్రీ పరీక్ష లేకుండానే ఇచ్చేయాలి. కాబట్టి ఫ్యాన్లు కొన్నాను. కొని, రిక్షాలో వేసుకుని, బ్రాడీపేటలో బోర్డులు రాసే పెయింటరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏం రాయమంటారండీ?" అన్నాడు.

కాగితం ఇచ్చాను. చదివి తల గోక్కున్నాడు. "మాస్టారూ, ఇది ఫ్యానండీ, గోడ కాదు. ఇంత మేటరు పట్టదు."

"రెక్కలు మూడున్నాయిగా?"

"అవునండోయ్! ఒక రెక్క మీద అమ్మాయిగారి పేరు, ఒక రెక్క మీద జ్ఞాపకార్థం, ఒక రెక్క మీద మీ దంపతుల పేర్లు. సరిగ్గా సరిపోయింది. మరి పావురం ఎక్కడ వెయ్యమంటారు?"

"పావురం ఎందుకయ్యా?"

"క్రిస్టియన్సు కదండీ! పావురానికి డబ్బులేం తీసుకోన్లెండి."

అక్షరాల రంగు ఎరుపా, నీలమా అని ఇద్దరం చాలాసేపు తర్కించుకున్నాం. పావురం ముక్కు ఎటు తిరగాలో కూడా మాట్లాడుకున్నాం. పావురంతో సహా మొత్తం తిరుగుతుందన్న ముక్క మాత్రం ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు.

ఫ్యాన్లు బిగించిన రోజున వాటిని ప్రారంభించడానికి కాలేజీ కరస్పాండెంటు గారు వచ్చారు. కరస్పాండెంటు అంటే యాజమాన్యం తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే పెద్ద. నేను రాసిన ఉత్తరాలకు ఆయన దగ్గర్నుంచి ప్రత్యుత్తరం ఎప్పుడూ రాలేదు. ఆయన జవాబులన్నీ నోటితోనే. అబద్ధం చెప్పకూడదు, మంచి మనిషి. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లల్ని చాలామందిని గట్టెక్కించాడు. కాకపోతే మైకు కనపడితే చాలు, ఆయనకు మైకం కమ్మేది.

ఆయన ప్రార్థన చేసి స్విచ్చి వేశారు. ఫ్యాన్లు కదిలాయి, వేగం అందుకున్నాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ తల పైకెత్తి ఎర్రగా, గుండ్రంగా తిరుగుతున్న సున్నాల వంక చూస్తూ ఉండిపోయింది.

"ఏదండీ పేరు?" అంది నెమ్మదిగా.

"తిరుగుతోంది."

"ఎక్కడికి?"

ఆ గదిలో నిలకడగా చదవడానికి వీలైన పేరు ఒక్కటే ఉంది. పైన కడ్డీకి ఉండే గిన్నె తిరగదు కదా, దాని మీద పెయింటరు తన పేరూ, తన దుకాణం పేరూ పొందిగ్గా రాసుకున్నాడు. ఎవరి జ్ఞాపకార్థమమ్మా ఈ ఫ్యాన్లు అని అడిగితే పిల్లలు అతని పేరు చెప్పే పరిస్థితి.

ఆ వేసవిలో నాలుగైదు శనివారాలు ఏదో పని కల్పించుకుని గుంటూరు వెళ్ళాను. గది గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఒక్క నిమిషం ఫ్యాను ఆపుతారా?" అని అడిగితే, "అంకుల్, ఉక్క!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవారు. పరీక్షల కాలం, వాళ్ళ బాధ వాళ్ళది. అందుకని కరెంటు పోవడం కోసం కాచుక్కూర్చునేవాణ్ణి. ప్రపంచమంతా కరెంటు రావాలని ప్రార్థిస్తుంటే పోవాలని ప్రార్థించినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. దేవుడు నా ప్రార్థనలన్నిటిలోకీ దీన్నే త్వరగా ఆలకించేవాడు. కరెంటు పోగానే పిల్లలందరూ ఫ్యాను వంక చూసి "అబ్బా, పోయిందే!" అనేవారు. రెక్కలు మెల్లమెల్లగా ఆగేవి. ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే బయటపడేవి. చెమట తుడుచుకుంటూ, కరెంటు వాళ్ళను తిట్టుకుంటూ మా అమ్మాయి పేరు చదివేవారు.

ఈ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్విందో, నిట్టూర్చిందో నాకు తెలియలేదు. "దాని పేరు చదవాలంటే ఊరంతా చెమటలు కారాలా?" అంది. మళ్ళీ తనే, "రాతలెందుకండీ మనకి. అది మాట్లాడే పిల్ల. మాట్లాడేవాళ్ళకేదన్నా పెట్టండి" అంది.

అలా పుట్టింది మా అమ్మాయి పేర వక్తృత్వ పోటీ. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడం ఒకావిడ మా అమ్మాయికి పాఠాలు చెప్పింది. ఆమె సంబరంగా ఒప్పుకుని పోటీ నడిపే బాధ్యత తీసుకుంది. గెలిచిన పిల్లకు ఏటా ఒక మంగళగిరి చీర ఇవ్వాలని మా ఆవిడ నిర్ణయం. దానితోపాటు ఒక చిన్న కోరిక కూడా కోరింది.

"ఆ రోజు నేనొక్క మాట చెప్తానండీ. అది ఎట్టాంటిదో ఆ పిల్లలకి నేనే చెప్తా."

నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ చదివింది ఐదో తరగతి. స్త్రీల సమాజంలో వరసగా అందరూ ప్రార్థన చేయాల్సి వస్తే తన వంతుకు పెదవులు మాత్రం కదిపి ఆమెన్ ఒక్కటి పైకి అనే మనిషి. అలాంటిది మైకు ముందు, అంత హాల్లో, నూర్ల మంది పిల్లల ఎదుట మాట్లాడతానంటోంది. ఆ రోజు నుంచీ వంటింట్లోంచి సన్నగా మాటలు వినపడేవి. పప్పు ఎనుపుతూ పప్పుగుత్తికి చెప్పేది, పొయ్యి ఊదుతూ పొయ్యికి చెప్పేది. నేను అడుగు పెడితే చటుక్కున ఆపేసి పిల్లిని కసిరేది. మా ఇంట్లో పిల్లి లేదు.

చీర కోసం మంగళగిరి వెళ్ళాం. మగ్గం దగ్గర కూర్చున్న నేత ఇంటావిడ చీరలు పరుస్తూ అడిగింది. "అమ్మాయి ఛాయ ఎట్టా ఉంటదమ్మా?"

"తెలీదమ్మా."

"పొడుగా, పొట్టా?"

"తెలీదు. ఇంకా ఎవరో తేలలా."

"ఎవరో తెలియని పిల్లకి చీర కొనేవాళ్ళని మిమ్మల్నే చూశా తల్లీ" అని ఆవిడ నవ్వింది. మా ఆవిడ గట్టి వంకాయరంగు చీర తీసి చేతి మీద వేసుకుని చూసింది. మా అమ్మాయి ఎన్నాళ్ళనుంచో అడిగిన రంగు. ఆ చీరే ప్యాకు చేయించాం.

మొదటి ఏడు పోటీకి కరస్పాండెంటు గారే అధ్యక్షులు. కార్యక్రమంలో మొదట "అధ్యక్షుల తొలిపలుకులు" అని ఉంది. ఆ తొలిపలుకులకు తుది లేదు. కాలేజీ పెట్టిన దొరలు ఓడ ఎక్కడం దగ్గర ఆయన మొదలుపెట్టారు. ఓడ బయల్దేరింది. తుఫాను వచ్చింది. దొరసాని గారికి వాంతులయ్యాయి. హాల్లో పిల్లలకు కూడా అయ్యేలా ఉంది.

"ఈయన ఓడ ఎప్పుడు దిగుతాడండీ?" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది. "ఆళ్ళు ఒడ్డుకొచ్చి, కాలేజీ కట్టి, మన పిల్ల అందులో చేరేసరికి ఆఖరి బస్సెళ్ళిపోద్ది."

దాదాపు అదే జరిగింది. ఆ తరువాత ఆడపిల్లలు పోటీలో మాట్లాడారు. చక్కగా మాట్లాడారు. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు. నాలుగో నిమిషంలో హెచ్చరిక గంట, ఐదో నిమిషంలో ఆఖరి గంట. ఆఖరి గంట మోగిందంటే వాక్యం సగంలో ఉన్నా సరే దిగిపోవాల్సిందే. దిగనివాళ్ళను హాలంతా చప్పట్లు కొట్టి దింపేసేది. మంచి పద్ధతి. పోటీ అయ్యాక "అధ్యక్షుల మలిపలుకులు" వచ్చాయి. ఓడ మళ్ళీ బయల్దేరింది. ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే పుస్తకాలు సర్దుకుని వంగి వంగి బయటికి జారుకున్నారు. బహుమతి ప్రదానం వేళకు హాల్లో మిగిలింది ముందు వరస లెక్చరర్లూ, వెనక వరస ఖాళీ బల్లలూ. గెలిచిన పిల్లను పిలిస్తే ఆమె అప్పటికే పొన్నూరు బస్సులో ఉంది.

"విజేత తరఫున నేనే స్వీకరిస్తాను" అని కరస్పాండెంటు గారు పెద్దమనసుతో చెయ్యి చాపారు. మా ఆవిడ చీర ఇచ్చింది. ఫొటో తీశారు. ఆ ఫొటో చూసినవాళ్ళెవరైనా వక్తృత్వ పోటీలో ఆయనే గెలిచారనుకుంటారు. ఒకరకంగా అది నిజమే.

తరువాత ఆయనే మైకు అందుకుని, "సమయాభావం వల్ల దాతగారి సతీమణి సందేశం వచ్చే ఏటికి వాయిదా వేస్తున్నాం" అన్నారు. ఆ ఉన్న సమయాన్ని ఎవరు తిన్నారో తెలియనట్టే అన్నారు.

రెండో ఏడు నేను జాగ్రత్తపడ్డాను. ఏరి పక్కన పెట్టిన మంచి మిరపకాయలు సంచిలో వేసుకుని ముందుగానే ఆయన ఇంటికి వెళ్ళాను. కుశలప్రశ్నలయ్యాక, "అయ్యా, ఈసారి మా ఆవిడ ఒక్క మాట చెప్పుకోవాలని ఆశపడుతోంది. తమరు కాస్త…" అని నసిగాను.

"మాస్టారూ, మీరు చెప్పాలా? నాకు తెలియదా? నేను రెండే రెండు ముక్కలు మాట్లాడతాను" అన్నారాయన, మిరపకాయ ఒకటి తీసి వాసన చూస్తూ. "ఏం ఘాటండీ!"

మాట తప్పలేదు. రెండు ముక్కలే మాట్లాడారు. అయితే ఒక్కో ముక్కా పాసింజరు రైలంత. ప్రతి స్టేషన్లోనూ ఆగింది. ఆగినచోటల్లా నీళ్ళు పట్టుకుంది. ఆయన ఉపన్యాసంతో మాకు ఉపవాసం కూడా కలిసొచ్చింది. అయినా ఈసారి మా ఆవిడను వేదిక మీదికి పిలిచారు. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మైకు ముందుకు వెళ్ళి నిలబడింది.

"అందరికీ వందనాలండీ" అంది. "మా అమ్మాయి…"

అని ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. ఊపిరి కోసమే ఆగింది. నేను ప్రమాణం చేసి చెప్పగలను, కళ్ళల్లో నీటిచుక్క లేదు. కానీ కరస్పాండెంటు గారు గబగబా లేచి వచ్చి, ఆవిడ భుజం పక్కనుంచి మైకు తన వైపు తిప్పుకున్నారు.

"తల్లి హృదయం! మాటలు రావడం లేదు. మనం అర్థం చేసుకోగలం. ఆ తల్లి తరఫున నేను రెండు మాటలు చెబుతాను. ఆ అమ్మాయి నాకు బాగా తెలుసు. ఎంతో నెమ్మదస్తురాలు. మితభాషి. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా ఆమె మాట వినపడేది కాదు…"

ముందు వరసలో ఇంగ్లీషు మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఫ్యాను వంక చూశాను. మా ఆవిడ మాత్రం మైకు పక్కన అలాగే నిలబడి, చెప్పాలనుకున్నదంతా మళ్ళీ మింగుకుని, మెట్లు దిగి వచ్చి కూర్చుంది.

తిరుగు బస్సు చిలకలూరిపేట దాటింది. మా ఆవిడ ఒక్కసారిగా అంది.

"నెమ్మదంటండీ! మన పిల్లని పట్టుకుని నెమ్మదంట!"

"పోనీలే, పొగిడాడు కదా."

"ఏం పొగడ్తండీ? ఎవర్నో తీసుకొచ్చి మన పిల్లని చెప్పాడు. ఇప్పుడా హాల్లో కూర్చున్న పిల్లలందరికీ అదొక మూగమొద్దు అనేగా లెక్క? అది రెండోసారి పోయినట్టుందండీ నాకు." కిటికీలోంచి పత్తిచేల వంక చూస్తూ, "వచ్చే ఏడు మీరెళ్ళండి. చీర కొనిస్తా, పట్టుకెళ్ళండి. నేను మాత్రం రాను" అంది.

ఆ ఏడాదంతా వంటింట్లో మాటలు వినపడలేదు. లేని పిల్లికి కూడా తిట్లు తప్పాయి. నేను నా శాయశక్తులా హాస్యాలు ఆడి చూశాను. "మీరు కూడా మైకు కొనుక్కోండి" అంది. ఇక లాభం లేదనిపించింది. మూడో ఏడు పోటీకి వారం ముందు గుంటూరు వెళ్ళి ఇంగ్లీషు మేడంను కలిశాను.

"మేడం, ఈసారి గంట ఎవరు కొడతారండీ?"

"ఎవరో ఒకర్ని చూడాలి మాస్టారూ. ఏం?"

"నేను కొడతాను."

"మీరు దాతలు. వేదిక మీద కూర్చోవాలి గానీ, మీకెందుకండీ శ్రమ?"

"శ్రమ కాదండీ, సరదా." గొంతు తగ్గించాను. "ఆ ఐదు నిమిషాల నియమం పోటీ పిల్లలకేనా, మాట్లాడే వాళ్ళందరికీనా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. మెల్లగా అర్థమైనట్టుంది, బుగ్గ లోపలి నుంచి కొరుక్కుంటూ, "ఎక్కడా విడిగా చెప్పలేదండీ. అందరికీ అని ప్రకటించమంటారా?" అంది.

"మీకు ఇబ్బంది ఉండదు కదా?"

"నాకు ఆయన ప్రమోషను ఇవ్వాలి మాస్టారూ. నేను ప్రకటిస్తాను, అంతే. కొట్టేది మాత్రం మీరే."

"నాకు జీతమిచ్చేది ఆయన కాదు లెండి" అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. వడియాలు ఎండబెడుతోంది, తల ఎత్తలేదు.

"ఈసారి గంట నేను కొడుతున్నా."

"ఎవరికి?"

"అందరికీ."

ఆవిడ చేతులు ఆగాయి. "నా తెల్లజాకెట్టు ఇస్త్రీకి ఇచ్చిరండి" అంది.

పోటీ రోజున హాలు నిండిపోయింది. వేదిక కిందగా, మధ్యలో చిన్న బల్ల. దాని మీద నొక్కితే మోగే ఇత్తడి గంట. దాని ముందు, చేతి వాచీతో, నేను. ప్రారంభ ప్రార్థన అయ్యాక మేడం లేచి నియమాలు చదివింది. "ఈ రోజు ఈ వేదిక మీద మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఐదు నిమిషాలే సమయం. ఆఖరి గంట మోగగానే ఆపేయాలి. ఎవరికీ మినహాయింపు లేదు."

"బాగుంది! చాలా బాగుంది! క్రమశిక్షణ ఉండాలి" అన్నారు కరస్పాండెంటు గారు కుర్చీలోంచే. నియమాలు వినేటప్పుడు పెద్దలెప్పుడూ పక్కవాళ్ళను తలుచుకుంటారు.

అధ్యక్షుల తొలిపలుకులు మొదలయ్యాయి. దొరలు ఓడ ఎక్కారు. నేను వాచీ వంక చూస్తూ కూర్చున్నాను. నాలుగో నిమిషం ముగియగానే ఒకసారి నొక్కాను. టింగ్. ఆయన నా వైపు చూసి, గంట బాగా పనిచేస్తోందన్నట్టు మెచ్చుకోలుగా తలాడించి, తుఫానులోకి వెళ్ళిపోయారు. దొరసాని గారు ఓడ డెక్కు మీదికి వచ్చి కడుపు పట్టుకునే సమయానికి ఐదు నిండాయి. ఇరవై ఏళ్ళుగా పిల్లల మీద గంటలు కొట్టించినవాణ్ణి, పెద్దల మీద కొట్టడం అదే మొదలు. కళ్ళు మూసుకుని నొక్కాను.

టింగ్, టింగ్.

"ఆ… గంట మోగింది. అయినా ముఖ్యమైన విషయం ఇంకా…" అన్నారాయన.

హాల్లో వెనక వరసలో ఎవరో పిల్ల ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. ఇంకెవరో ఒక చప్పట కొట్టింది. పక్కన ఇంకోటి. గంట దాటి మాట్లాడితే చప్పట్లు కొట్టి దింపేయడం వాళ్ళ హాలు ఆనవాయితీ కదా, ఎన్నిసార్లు తాము దిగిపోయారో గుర్తొచ్చి ఉంటుంది. క్షణంలో హాలంతా అందుకుంది. ఆయన నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. నేను మళ్ళీ నొక్కాను. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన మేడం వంక చూశారు. మేడం బుద్ధిగా కార్యక్రమం కాగితం వంక చూస్తోంది. నా వంక చూశారు. నేను ఉద్యోగధర్మంగా వాచీ వంక చూస్తున్నాను. దొరల్ని నడిసముద్రంలో వదిలేసి, ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

తరువాతి పేరు మా ఆవిడది. లేచి వెళ్ళింది. ఈసారి మైకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"అందరికీ వందనాలండీ. పోయినేడు ఇక్కడ మా అమ్మాయి నెమ్మదస్తురాలని చెప్పారు. అది అబద్ధమండీ."

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆవిడ ఓపిగ్గా ఆగింది. మా అమ్మాయి పేరు చెప్పింది, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. మళ్ళీ చెప్పింది.

"దాన్ని నోరు మూసుకోవే అని నేను రోజూ అనేదాన్ని. అది మూసేది కాదు. చిన్నప్పుడు ఒక ఆదివారం గుళ్ళో అయ్యగారు ప్రసంగం చేస్తా చేస్తా, ఈ లోకంలో మనకి చివరికి కావాల్సిందేంటి, అని గట్టిగా అడిగారు. ఆ మాట జవాబు కోసం అడగరు కదండీ. ఇది బల్లెక్కి నిలబడి, ఇంటికెళ్ళాలండీ, ఆకలేస్తంది, అంది."

పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు. లెక్చరర్లు నవ్వారు. ఇంగ్లీషు మేడం నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. మా ఆవిడ ఇంకో కబురు అందుకుంది, కండక్టరు సంగతి. అటు తరువాత కల్లంలో కూలి ఆడవాళ్ళకు కథలు చెప్పి పని మాన్పించిన సంగతి. హాస్టల్లో ఉప్పు లేని సాంబారు గురించి వార్డెనుకు వినపడేలా ప్రార్థన చేసిన సంగతి. అది నాకు కూడా తెలియదు! కూతురు నాతో చెప్పనివి తల్లితో ఎన్ని చెప్పిందో ఆ రోజు ఆ హాల్లో పిల్లలతోపాటే నేనూ విన్నాను. రెండేళ్ళు పప్పుగుత్తికి చెప్పుకున్న మాటలన్నీ వరసగా, తడబడకుండా వస్తున్నాయి.

వాచీలో పెద్దముల్లు ఐదు నిమిషాల గీత దాటింది. ఇంకో గీత కూడా దాటింది. నేను గంట మీద అరచెయ్యి బోర్లించి పెట్టుకుని వింటున్నాను. వేదిక మీది కుర్చీలోంచి కరస్పాండెంటు గారు ముందుకు వంగి, తన మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టి చూపించారు. నేను చూడలేదన్నట్టు ఉండిపోయాను. ఆయన ఇంకాస్త వంగారు.

"మాస్టారూ… టైము! టైము దాటిపోయింది!"

"నా వాచీ ఆగిపోయిందండీ" అన్నాను, చొక్కా చెయ్యి దాని మీదికి లాక్కుంటూ.